పెంపుడు తల్లికి మైకు ఇచ్చిన రోజు

ఈ మధ్య పిల్లల సంరక్షణ పనిలో కొత్తగా చేరిన కొందరు అమ్మాయిలు, అబ్బాయిలు మా ఇంటికి వచ్చారు. పెంపుడు ఇంటికి చూడ్డానికి వెళ్తే మొదట ఏం గమనించాలని అడిగారు. "పిల్ల చేతులు వాసన చూడండి" అన్నాను. నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు మేము పిల్లలను ఉంచిన ఇళ్ళు చాలావరకు బీడీలు చేసే ఇళ్ళు. పిల్ల బడికి పోతున్నదని పెంచే తల్లి చెప్తుంది. పక్కింటామె చెప్తుంది. పిల్లను అడిగితే పిల్లా అదే చెప్తుంది. చిన్న చేతులను ముక్కు దగ్గరికి తీసుకుంటే మాత్రం అసలు సంగతి తెలుస్తుంది. పొగాకు వాసన సబ్బుకు పోదు, గోళ్ళ సందుల్లో నిలిచిపోతుంది. ఆ వాసన ఉంటే పిల్ల పలక వదిలి బీడీల చాట ముందు కూర్చుంటున్నదని అర్థం. అప్పుడు తల్లిని తిట్టకూడదు. మనం ఇచ్చే డబ్బు ఆ ఇంటికి ఎక్కడ చాలడం లేదో కూర్చుని కనుక్కోవాలి.

నేను చర్చి ఉపదేశి కూతురిని. పలక పట్టకముందే బైబిలు వాక్యం కంఠతా వచ్చు. ఈ పని నాకు ఉద్యోగంగా కాక పిలుపుగా వచ్చిందని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అందుకే ఈ రాతలో మా క్రైస్తవ సంఘాన్ని, మా పెద్దలను కాపాడుతూ రాయను. దేవుని పని అని పేరు పెట్టుకున్నవాళ్ళం ఎక్కడ తప్పిపోయామో చెప్పకపోతే, రేపు మీరూ అక్కడే తప్పిపోతారు.

నెల నెలా డబ్బు వచ్చే ఇల్లు

మా సంస్థ చిన్నది. జగిత్యాలలో రెండు గదుల ఆఫీసు, డీజిలు లేక చాలాసార్లు నిలబడి ఉండే ఒక జీపు. తల్లిదండ్రులు లేని పిల్లలను, ఉన్నా సాకలేనివాళ్ళ పిల్లలను హాస్టల్లో వేయకుండా ఒక ఇంట్లో ఉంచడం, ఆ ఇంటికి నెల నెలా కొంత డబ్బు ఇవ్వడం మా పని. ఆ డబ్బు బియ్యానికి, బట్టలకు, నోటు పుస్తకాలకు సరిపోయేది. పిల్లకు జ్వరం వచ్చిన నెల సరిపోయేది కాదు.

అవి నక్సలైట్ల రోజులు. పోలీసులు ఊళ్ళోకి వచ్చి ఎవరికి అన్నం పెట్టారని అడిగేవారు. అన్నలు వచ్చి ఎవరికి కబురు చెప్పారని అడిగేవారు. బయటి నుంచి క్రమం తప్పకుండా డబ్బు వచ్చే ఇల్లంటే ఇద్దరికీ అనుమానమే. దళం సొమ్ము దాస్తున్నారని వీళ్ళు, పోలీసుల దగ్గర తింటున్నారని వాళ్ళు. కాబట్టి పిల్లను ఉంచే ముందు నేను చూసుకునే సంగతి ఒకటుండేది. ఈ ఇంటికి ప్రతి నెలా డబ్బు వస్తే వాడకట్టు ఏమనుకుంటుంది? కోరుట్ల ఈ విషయంలో మంచిది. మగవాళ్ళు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న వాడల్లో డబ్బు వస్తే ఎక్కడిదని ఎవరూ అడగరు.

పైసల పోరడు

అసలు కథకు ముందు ఒక చిన్న పాఠం చెప్పాలి.

ఎల్లంతకుంట దగ్గర ఒక రైతు ఇంట్లో ఒక పిల్లవాడిని ఉంచాం. మేమిచ్చే డబ్బుతో వాడికి రోజూ పాలు పోయాలని నియమం. ఆ ఇల్లాలు నియమం తప్పలేదు. వాడి గ్లాసు వేరు, వాడి పాలు వేరు. తన ముగ్గురు పిల్లలు పక్కన కూర్చుని చూసేవారు. మా పర్యవేక్షకుడికి ఆ ఇల్లు చాలా నచ్చింది. నేను వెళ్ళిన రోజు ఆ పిల్లలు వాకిట్లో ఆడుకుంటూ వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు. "పైసల పోరడు అచ్చిండు రా, జరుగుండ్రి" అన్నారు.

ఆ ఇల్లాలిని పక్కకు పిలిచాను. "అవ్వా, పాలల్ల ఇన్ని నీళ్ళు కలిపి నలుగురికి పొయ్యి" అన్నాను.

"గట్ల జేస్తే మీ సారు పైసలు బంద్ జేస్తడు గదా?"

"నేను సూడలేదనుకో."

ఆమె నవ్వింది. "దేవుని మనిషివి, గిట్ల నేర్పుతవా?"

నేర్పాను, దానికి ఏ రోజూ బాధపడలేదు. పిల్లకు మాత్రమే ఇచ్చే డబ్బు పిల్లను ఆ ఇంట్లో చుట్టాన్ని చేస్తుంది. ఇంటికి ఇచ్చే డబ్బు పిల్లను ఇంటి పిల్లను చేస్తుంది. ఈ సంగతి మా పెద్దలకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఎక్కకపోవడం వల్ల ఏం జరిగిందో ఇక చెప్తాను.

రాజవ్వ

స్వరూపకు ఐదేళ్ళప్పుడు కోనరావుపేట వైపు ఒక పల్లె నుంచి ఆమె నాయనమ్మ తీసుకొచ్చి మాకు అప్పగించింది. తల్లి కాన్పులో పోయింది. తండ్రి అన్నల్లో కలిసి అడవిలో తిరుగుతున్నాడు. ముసలామె ఆ మాట నా చెవిలో చెప్పి, "దుబాయి పోయిండని రాసుకో బిడ్డా. మీ దేవుడు గింత దానికి కోపం జెయ్యడు" అన్నది.

అబద్ధం రాయడానికి నా చెయ్యి ఆడలేదు. తండ్రి దూరాన ఉన్నాడని రాశాను. అది అబద్ధం కాదు. సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మా సంస్థ పెద్ద అయ్యగారికి కూడా చెప్పలేదు. ఎంత తక్కువమందికి తెలిస్తే పిల్లకు అంత మంచిదని ఆ రోజుల్లో మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

పిల్లను సొంత ఊరికి దూరంగా ఉంచాలి కనుక కోరుట్లలో రాజవ్వ ఇంటికి తీసుకుపోయాను. ఆమెకు నలభై దాటాయి. పద్మశాలి ఇంటి ఆడబిడ్డ. పిల్లలు లేరు. భర్త దుబాయి వెళ్ళి మొదట ఉత్తరాలు రాశాడు, తర్వాత మానేశాడు. బతికి ఉన్నాడో, అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడో ఆమెకే తెలియదు. పొద్దంతా బీడీలు చేసి బతుకుతున్నది. మా డబ్బు మొదలయ్యాక వాడకట్టువాళ్ళు భర్తే పంపుతున్నాడనుకున్నారు. రాజవ్వ కాదనలేదు. పిల్ల తండ్రీ దుబాయిలోనే ఉన్నాడని వాళ్ళకు చెప్పింది.

"ఇన్నేండ్లకు నా మొగడు మంచిగైండని అందరు మెచ్చుకుంటున్నరు సిస్టరమ్మా" అనేది నాతో. "లేనోనికి మస్తు పేరచ్చింది."

నోరు మహా గట్టిది. స్వరూప చాట దగ్గరికి వస్తే, "తునికాకు ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త. పలక తీస్కో, పో" అని అరిచేది. ఆ వాడలో అదే వయసు ఆడపిల్లలు దారం చుట్టడం నేర్చుకుంటుంటే, ఈమె మాత్రం ఒక్క ఆకు పట్టనివ్వలేదు. నేను వెళ్ళగానే పిల్ల పరుగెత్తుకొచ్చి రెండు అరచేతులూ నా ముక్కు ముందు పెట్టేది. కొబ్బరినూనె, బలపం. అంతే. అది మా ఇద్దరికీ ఆటలాగా అయిపోయింది. రెండు నెలలు తిరగకముందే రాజవ్వను అవ్వా అని, అంటే అమ్మా అని, పిలవడం మొదలుపెట్టింది. ఆమె కొంగు పిడికిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు.

ఒక వరికోతల కాలంలో రాజవ్వ నాతో గొంతు తగ్గించి చెప్పింది, పిల్ల తండ్రి ఒకసారి వచ్చి వెళ్ళాడని. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడట, మాట్లాడలేదట. మళ్ళీ వస్తానన్నాడట. "ఎవ్వలకు చెప్పకు" అన్నాను. "నేను చెప్తనా?" అన్నది.

అయ్యగారు

మా సంస్థకు పెద్ద మా సంఘ కాపరి. అందరం అయ్యగారు అనేవాళ్ళం. మంచి మనిషి. సొంతానికి ఒక రూపాయి తినలేదు. జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రి మెట్లు ఎక్కడం నా కళ్ళతో చూశాను.

ఆయన రాకముందు నుంచి ఒక గుమాస్తా ఉండేవాడు. ఇంటింటికీ డబ్బు పట్టుకెళ్ళేది అతనే. సగం ఇచ్చి మొత్తానికి వేలిముద్ర వేయించుకునేవాడు. అది బయటపడినప్పుడు అయ్యగారు ఉపవాసముండి ప్రార్థించారు. ఆ తర్వాత కొత్త పద్ధతి పెట్టారు. నెలకొక ఆదివారం పెంపుడు కుటుంబాలన్నీ మా ప్రార్థనా మందిరానికి రావాలి. ఆరాధన చివర కవరు అందరి ముందు ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు దేవుడు చేసిన మేలు గురించి మైకులో రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి.

నేను అడ్డం చెప్పాను. "అయ్యగారూ, వీళ్ళలో చాలామంది మన సంఘంవాళ్ళు కారు. ఎక్కడున్నారో తెలియకూడని పిల్లలు కూడా ఉన్నారు."

"వెలుగులో చేసేదానికి భయమెందుకు సిస్టర్?" అన్నారు. "చాటున ఇచ్చినందుకే కదా గుమాస్తా తిన్నాడు."

గుమాస్తా తిన్నది నిజమే. ఆ నిజం ముందు నా మాట నిలబడలేదు. దానం గోప్యంగా ఉండాలని ప్రభువు కొండ మీద చెప్పిన సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆయన ఎన్నోసార్లు దాని మీద ప్రసంగం చేశారు. కాని సంఘమంటే మాకు మా ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళ ముందు చెప్పింది బయటికి పోతుందన్న ఆలోచనే మాకు రాదు. మందిరంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఉండే గుడ్డితనం ఇది.

ఆ ఆదివారం

రాజవ్వ స్వరూపకు తలంటి, రెండు జడలేసి, కోరుట్ల నుంచి బస్సులో తీసుకొచ్చింది. మందిరం బయట చెప్పులు విడిచి, వెనకాల గోడకు ఆనుకుని కూర్చున్నది. ఆమెకంటే ముందు నలుగురు వచ్చి, నేర్పిన మాటలు చెప్పి, కవరు తీసుకుని వెళ్ళారు. ఒక్కొక్కరికీ సంఘమంతా "స్తోత్రం" అన్నది.

రాజవ్వ వంతు వచ్చింది. మైకు ముందు బిగుసుకుపోయింది. అయ్యగారు ఆమెకు ధైర్యం చెప్పాలనుకున్నారు. దీవించేటప్పుడు మేము తల మీద చెయ్యి పెడతాం. ఆ అలవాటుతోనే రాజవ్వ చెయ్యి పట్టుకుని స్వరూప తల మీద పెట్టించి, "భయపడకమ్మా. దేవుని సన్నిధిలో ఉన్నావు. ఈ పాప నీ దగ్గరికి ఎట్లా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు" అన్నారు.

రాజవ్వ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. మాకు అది దీవెన. ఆమెకు అది ఒట్టు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఆ కీడు బిడ్డకు తగులుతుందని ఆమె నమ్మకం. దేవుని గుళ్ళో అయితే మరీనూ.

"గీ పిల్ల నా కడుపుల పుట్టలే" అన్నది రాజవ్వ. మైకులో ఆమె గొంతు పెద్దగా మోగింది. "తల్లి సచ్చిపోయింది. నాయిన దుబాయిల లేడు. నా మొగడు పైసలు పంపుతుండనేది గూడ అబద్ధమే. దీని నాయిన అడివిల అన్నలల్ల ఉన్నడు. వరికోతలప్పుడు ఒక్కపారి అచ్చి, దీన్ని ఒళ్ళె కూసుండవెట్టుకొని పోయిండు. మల్ల అస్తనన్నడు. ఆయిన అచ్చేదాక నేను సాదుత. మీరు పైసలిచ్చినా సాదుత, ఇయ్యకున్నా సాదుత."

ముందు వరసలో ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. అంతే, అందరూ అన్నారు. నేను అనలేదు. అయ్యగారి ముఖం తెల్లబోయింది. కవరు ఆమె చేతిలో పెట్టారు, ఇంకేం చేయాలో తెలియక.

బయట మెట్ల మీద రాజవ్వ నన్ను పట్టుకుని అడిగింది. "నేను చెప్పద్దుండెనా సిస్టరమ్మా? మీ అయ్యగారు పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చిండు గదా. ఒట్టు పెట్టినంక అబద్ధం ఎట్ల ఆడుత?"

ఆమె తప్పేమీ లేదు. ఆ మందిరంలో ఆ రోజు సాక్ష్యం అనే మాటకు తగినట్టు మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

పోలీసులు అడిగింది

ఆ మాట ఎవరు మోశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరూ కావాలని మోసి ఉండరు. ఒక ఇల్లాలు భర్తతో అంటుంది, భర్త హోటల్లో అంటాడు. తర్వాతి ఆదివారం రాకముందే రాజవ్వను ఠాణాకు తీసుకుపోయారు. ఏ ఠాణాయో రాయను. స్వరూప పక్కింటి లచ్చవ్వ దగ్గర ఉన్నది. రాజవ్వ తిరిగి వచ్చేసరికి కుడిచేతి వేళ్ళు వాచి నల్లబడి ఉన్నాయి. వాటిలో రెండు మళ్ళీ సరిగా వంగలేదు. బీడీకి వేళ్ళే పెట్టుబడి.

తర్వాత ఒక ఎస్సై మా ఆఫీసుకు వచ్చాడు. ఈ ప్రాంతంవాడు కాదు, మాట చాలా మర్యాదగా ఉంది.

"మీరు డబ్బు ఆపొద్దండి" అన్నాడు. "ఎప్పటిలాగే ఇవ్వండి. పాప ఆ ఇంట్లోనే ఉండాలి. మేం అడిగేది అంతే."

"పిల్లను ఎరగా పెట్టమంటున్నారా?" అన్నారు అయ్యగారు.

"ఆ మాట మీరే అన్నారు, నేను అనలేదు. నక్సలైట్ ఇంటికి ఈ సంస్థ నెల నెలా డబ్బు ఇస్తోందని నేను పైకి రాయొచ్చు. రాయలేదు. టీ బాగుంది."

అతను వెళ్ళాక అయ్యగారు బల్ల మీద తల వాల్చారు. నేను ప్రార్థన చేద్దామన్నాను. ఆయన తల ఎత్తకుండా, "నువ్వు చెయ్యి సిస్టర్. నాకు నోరు రావట్లేదు" అన్నారు. నాకూ నోరు రాలేదు.

చూడండి, పిల్ల మంచి కోసం పెట్టిన డబ్బు, ఒక్క రూపాయి మారకుండా, అదే కవరులో, పిల్ల తండ్రిని పట్టే వల అయిపోయింది. పిల్లను అక్కడే ఉంచితే తండ్రి వస్తాడు, కూతురి కళ్ళ ముందే చస్తాడు. మేము తీసుకొస్తే మా మీద కేసు, రాజవ్వకు మళ్ళీ ఠాణా.

వాడకట్టంతా విన్న తిట్లు

మర్నాడు కోరుట్ల వెళ్ళాను. రాజవ్వ ఇంటి ఎదురుగా కిరాణం కొట్టు అరుగు మీద, ఆ వాడవాళ్ళు కాని ఇద్దరు కూర్చుని పేపరు చదువుతున్నారు. రాజవ్వ లోపల పసుపు గుడ్డ కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉన్నది. స్వరూప బడికి వెళ్ళింది.

"పిల్లను తీసుకుపోతా" అన్నాను.

"నువ్వు తీస్కపోతే నిన్ను లోపలేస్తరు. మీ అయ్యగారిని గూడ ఏస్తరు. గప్పుడు మిగతా పిల్లలకు దిక్కెవ్వలు?" రాజవ్వ అప్పటికే అంతా ఆలోచించి పెట్టుకున్నది. "నేను ఎల్లగొడ్త. సాదేటామె నాకద్దన్నదంటే ఎవ్వలేం జేస్తరు? వాడకట్టంత సూడాలె. వాడకట్టు సూస్తే ఊరికి తెలుస్తది. ఊరికి తెలిస్తే వానికి తెలుస్తది. పిల్ల లేని ఇంటికి వాడెందుకస్తడు?"

"నిన్ను మళ్ళ తీసుకుపోతరు."

"తీస్కపోనీ. ఇంకేం ఇరగ్గొడ్తరు?"

"పిల్లకు ముందే చెప్పి..."

రాజవ్వ నా నోటికి ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పకు. చెప్తే అది ఏడ్వది. అది ఏడ్వకపోతే వాళ్ళు నమ్మరు."

బడి విడిచారు. స్వరూప పలక సంచీతో మలుపు తిరిగేసరికి, రాజవ్వ ఆమె బట్టల మూట తెచ్చి వాకిట్లోకి విసిరింది. "ఇగో, నీ పిల్ల! నీ పైసలు నాకద్దు, నీ పిల్ల నాకద్దు. దీని పాడుగాను, దీని మూలాన్నే నా చెయ్యి పాయె! తీస్కపో సిస్టరమ్మా, లేకుంటే బాయిల ఏస్త!"

పిల్ల అవ్వా అంటూ కొంగు పట్టుకుంది. రాజవ్వ ఎడమచేత్తో చెంప మీద కొట్టింది. పిల్ల పడిపోయింది. లేచి మళ్ళీ దగ్గరికి వచ్చింది. మళ్ళీ కొట్టింది. ఆ దెబ్బల చప్పుడు కిరాణం కొట్టు దాకా వినిపించింది.

"అవ్వా, నేను ఆకు ముట్టలే. ఒట్టు, ముట్టలే!" అని ఏడ్చింది స్వరూప.

లచ్చవ్వ గుమ్మంలోకి వచ్చింది. "అయ్యో రాజవ్వా, నెల నెల పైసలు తిన్నన్నొద్దులు మంచిగనే తింటివి గదనే! ఇప్పుడు పసిదాన్ని గొడ్డును కొట్టినట్టు కొడ్తవా?"

"నువ్వు సాదుకోపోవే, గంత ప్రేమ, పావురముంటే!" అని రాజవ్వ తలుపు వేసుకుంది. లోపలి నుంచి గడియ పడింది.

అరుగు మీది ఇద్దరిలో ఒకడు లేచి పేపరు మడిచాడు. నేను పిల్లను, మూటను ఎత్తుకుని నడిచాను. నన్నెవరూ ఆపలేదు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సు ఎక్కాం. స్వరూప ఏడుపు మానేసింది. చాలా దూరం పోయాక రెండు అరచేతులూ నా ముక్కు ముందు పెట్టింది.

"సూడు సిస్టరమ్మా, వాసన లేదు."

చూశాను. బలపం వాసన ఉంది.

తల్లులకు పద్దు లేదు

రాజవ్వను మళ్ళీ తీసుకుపోయారు, మళ్ళీ వదిలారు. పిల్లను తరిమేసిన మనిషి దగ్గర వాళ్ళకు తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె బీడీలు చేయలేకపోయింది. కార్ఖానా వాళ్ళు ఆకు ఇవ్వడం మానేశారు. ఇంకొకరి ఇంట్లో అంట్లు తోమడానికి కుదిరింది.

మా కమిటీలో నేను అడిగాను. పిల్ల అక్కడి నుంచి వెళ్ళిపోయినా రాజవ్వకు కొంతకాలం డబ్బు ఇద్దామన్నాను. ఎందుకో వివరంగా చెప్పే వీలు లేదు. కమిటీలో ఎవరి నోరు ఎటు పోతుందో తెలియదు.

"పిల్ల అక్కడ లేదు కదా సిస్టర్, ఏ పద్దు కింద ఇస్తాం?" అన్నాడు ఒక పెద్ద. "అదీ కాక ఆమె పాపను కొట్టిందట. మనం పిల్లలకు ఇస్తాం, తల్లులకు కాదు."

ఇదే మా అసలు తప్పని నా అభిప్రాయం. మైకు తప్పు ఒక్కరోజుది. ఇది మా పుట్టుకతో వచ్చింది. పెంచే తల్లిని మేము పిల్లను పెట్టే అలమారలా చూశాం. పిల్ల ఉన్నంతకాలం అద్దె ఇస్తాం, తీసిన రోజు ఆపేస్తాం. పిల్ల క్షేమం ఆ మనిషి క్షేమంతో ముడిపడి ఉన్నదని, ఆమె వేళ్ళు విరిగితే ఆ దెబ్బ పిల్లకూ తగులుతుందని మా నియమాల్లో ఎక్కడా లేదు. మీ నియమాల్లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పోట్లాడండి. పోట్లాడితే విశ్వాసం తక్కువ అంటారు. అననివ్వండి.

అయ్యగారు ఆ సాక్ష్యాల పద్ధతి ఎత్తేశారు. ఒకసారి ఒంటరిగా కోరుట్ల వెళ్ళి రాజవ్వ ఇంటి ముందు నిలబడ్డారు. తన జీతంలోంచి కొంత తీసుకెళ్ళారు. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. "నీ తప్పు గాదు అయ్యగారూ, నీకు తెల్వదు గదా" అన్నదట. ఆ మాట చెప్తూ ఆయన ఏడ్చారు. బదిలీ అయ్యేదాకా ఆయన ప్రసంగాల్లో గొంతు మళ్ళీ పైకి లేవలేదు.

మరుసటి ఏడు స్వరూప తండ్రి ఎక్కడో దూరపు అడవిలో చనిపోయాడు. ఎదురుకాల్పులని పేపర్లో వచ్చింది. కోరుట్లలో కాదు, కూతురి ముందు కాదు. రాజవ్వ తన చెయ్యి, తన మంచి పేరు పెట్టి సంపాదించింది అంతమాత్రమే. అది చిన్నదని నేను అనను.

సిరిసిల్ల

స్వరూపను, ఆమె సొంతవాళ్ళకు కూడా చెప్పకుండా, సిరిసిల్లలో రెండు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒక దంపతుల దగ్గర ఉంచాను. నెమ్మదైన మనుషులు. పిల్ల తిన్నది, చదివింది, జబ్బు పడలేదు. వాళ్ళను పెద్దమ్మ, పెద్దనాయన అన్నది. ఎవరినీ అవ్వా అనలేదు. సాంచాల మోతలో కూడా నిద్రపోయేది. కాని ఊరికే చేతులు కడుక్కునేది. బడికి పోయే ముందు, అన్నం ముందు, పడుకునే ముందు, మధ్యలో లేచి కూడా. చర్మం పగిలేదాకా కడుక్కునేది. మా కొత్త పర్యవేక్షకుడు ఆ ఇంటిని చూసి వచ్చి, పాపకు శుభ్రత బాగా అలవాటైందని మెచ్చుకున్నాడు.

తండ్రి పోయాడని తెలిశాక ఇక ప్రమాదం లేదని నేను స్వరూపకు అంతా చెప్పాను. ఎందుకు తిట్టింది, ఎందుకు కొట్టింది, తలుపు ఎందుకు వేసుకుంది. ఆమె శ్రద్ధగా విన్నది.

"అంటే ఉత్తుత్తగనే కొట్టిందా?"

"ఉత్తుత్తగనే కొట్టింది బిడ్డా. నిన్ను కాపాడడానికి."

"నాకైతే నొప్పి లేసింది" అన్నది. లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది.

నిజం చెప్తే పిల్ల మనసు కుదుటపడుతుందని మనం అనుకుంటాం. నిజం బుర్రకు అందుతుంది. దెబ్బ అంతకుముందే ఇంకెక్కడికో చేరి ఉంటుంది. దాని దగ్గరికి మన మాట వెళ్ళదు. దేవుడు వెళ్తాడని నమ్ముతాను. ఎప్పుడు వెళ్తాడో నాకు చెప్పలేదు.

పైసలు అస్తున్నయ్

స్వరూప ఇప్పుడు నర్సు. మొదటి జీతం నుంచి ప్రతి నెలా రాజవ్వకు డబ్బు పంపుతున్నది. మొదట మనియార్డరు, తర్వాత బ్యాంకులో. నేనేమీ అడగలేదు, తనే అడ్రసు అడిగి తీసుకుంది. ఒక్కసారి కూడా కోరుట్ల వెళ్ళలేదు. ఎప్పుడన్నా ఎత్తితే, "పంపుతున్న గదా సిస్టరమ్మా" అంటుంది. ఆ మాటకు అవతల ఏముందో నేను తట్టి చూడలేదు.

కిందటి నెల రాజవ్వను చూడ్డానికి వెళ్ళాను. బాగా ముసలిదైంది. ఇంటికి కొత్త రేకులు వేయించుకుంది. అలవాటు కొద్దీ ఆమె రెండు చేతులూ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొగాకు వాసన ఎప్పుడో పోయింది.

"నా చేతులు వాసన సూస్తవేంది? నేను బడికి పోతున్ననా?" అని నవ్వింది. తర్వాత, "పైసలు అస్తున్నయ్. ఒక్క నెల తప్పలే. ఎవ్వలు పంపుతున్నరని లచ్చవ్వ అడిగితే, మా ఆయిన అని చెప్తున్న ఇంకా" అన్నది.

ఇద్దరం నవ్వాం. బయట ఆటోలు పోతున్నాయి. ఎదురుగా కిరాణం కొట్టు లేదు, సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. రాజవ్వ చాలాసేపు అటే చూసింది.

"గట్టిగ కొట్టిన్నా సిస్టరమ్మా ఆ పొద్దు?"

"గట్టిగనే కొట్టినవు రాజవ్వా."

"మెల్లగ కొడితే నమ్ముదురా వాళ్ళు?"

"నమ్మకపోదురు."

వంగని రెండు వేళ్ళను ఎడమచేత్తో నెమ్మదిగా నిమురుకుంది.

"వాళ్ళు నమ్మిండ్రో లేదో నాకు తెల్వది" అన్నది. "అది నమ్మింది."